తాళాలక్కయ్య ఇల్లు వెతుక్కున్న ఏడాది

మా పేటలో అద్దెకు ఇల్లు కావాలన్నా, ఉన్న ఇల్లు అమ్ముకోవాలన్నా, బ్యాంకువాళ్ళు ఇచ్చిన కాగితంలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ వెళ్ళేది తాళాలక్కయ్య దగ్గరికే. ఆవిడ చేతిసంచిలో ఎప్పుడూ పాతిక ముప్ఫై తాళంచెవులు గలగలలాడుతుండేవి. ఖాళీగా ఉన్న ఇళ్ళ ఓనర్లు నమ్మి అప్పగించినవి అవి. ఒక్కోదానికీ ఒక్కో రంగు గుడ్డపేలిక కట్టి ఉండేది. ఏ పేలిక ఏ ఇంటిదో ఎక్కడా రాసుకునేది కాదు. అడిగితే చాలు, "పచ్చది మెట్ల కింద గది, నీలం చుక్కలది డాక్టరుగారి మేడ" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసేది.

ఈ పనిలోకి రాకముందు ఆవిడ పద్దెనిమిదేళ్ళు ఒక రంగుల దుకాణంలో పనిచేసింది. గోడలకు రంగు కొనడానికి వచ్చినవాళ్ళు డబ్బా పుచ్చుకుని ఊరికే పోరు. గోడ ఉబ్బిందనో, మూలంతా చెమ్మ ఎక్కిందనో, పైవాటావాళ్ళ స్నానాలగది నీళ్ళు తమ నెత్తిమీద కారుతున్నాయనో గోడు వెళ్ళబోసుకుంటారు. అవన్నీ వినీ వినీ ఇళ్ళకొచ్చే జబ్బులన్నీ ఆవిడకు కంఠతా వచ్చేశాయి. దుకాణం మూతపడ్డాక, పాత పరిచయంకొద్దీ ఒకరికి ఇల్లు చూసిపెట్టింది. వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. ఏడాది తిరిగేసరికి అదే బతుకుదెరువైంది.

నేను ఆవిణ్ణి మొదటిసారి చూసింది పదకొండేళ్ళ కిందట. ఆసుపత్రిలో నర్సుగా అప్పుడే చేరాను. బస్‌స్టాపుకు ఎదురుగా, మేడమీద, కొత్తగా రంగు వేసిన రెండు గదులు చూపించింది. చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఇది ఖాయం చేసేయండి అక్కయ్యా" అన్నాను.

ఆవిడ నా మాట చెవిన వేసుకోకుండా, "నీకు రాత్రి డ్యూటీలు ఉంటాయా?" అని అడిగింది.

"నెలలో సగం రోజులు అవే."

"అయితే పగలు పడుకోవాలి కదమ్మా. కింద ఉన్నది తలుపులు చేసే షాపు. తొమ్మిదింటికి రంపం మొదలైతే సాయంత్రం దాకా ఆగదు. ఇవాళ సెలవు కాబట్టి నీకు తెలీలేదు. ఇలా రా, ఈ మూల చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. కొత్త రంగు కింద గోడ చల్లగా, మెత్తగా తగిలింది.

"జ్వరం ఉందో లేదో నువ్వు మనిషి నుదురు చూసి చెప్తావు. నేను గోడ నుదురు చూసి చెప్తాను. పద, ఇంకోటి చూపిస్తా."

ఆ ఇంకోటి వెనకవీధిలో, చూడ్డానికి వెలవెలబోతూ ఉంది. అయినా పగలు పిట్ట కూత తప్ప ఏ చప్పుడూ లేదు. ఇంట్లో దిగే ముందు ప్రతి గోడకూ, పగిలిన పలకకూ, వాష్‌బేసిన్ మీది గీతకూ నాచేత ఫొటోలు తీయించి, ఆ ఫొటోలు ఓనరుకూ పంపించింది. "ఖాళీ చేసేరోజు అడ్వాన్సు దగ్గర మాట తేడా రాకూడదు. నీమీదా నమ్మకముంది, ఓనరుమీదా నమ్మకముంది. మనుషుల జ్ఞాపకం మీదే లేదు" అంది. నేను ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాను.

సాయంత్రాలు ఆవిడ వరండాలో ఇద్దరు ముగ్గురైనా కూర్చుని ఉండేవారు. వాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే. "అద్దె కట్టడం శుద్ధ దండగ కదక్కయ్యా? అదే డబ్బు లోన్‌కి కట్టుకుంటే ఇల్లు మనదవుతుంది కదా?"

"దండగ ఎలా అవుతుంది? నెల పొడుగునా నిన్ను తడవనీయలేదు కదా ఆ ఇల్లు!" అనేది ముందు. తర్వాత ఆవిడే ప్రశ్నలు మొదలుపెట్టేది. ఈ ఊళ్ళో ఎన్నాళ్ళుంటావు? ఉద్యోగం పోతే ఎన్ని నెలలు నెట్టుకురాగలవు? వడ్డీ పెరిగితే వాయిదా ఎంతవుతుందో అడిగావా? రిజిస్ట్రేషనుకూ, లాయరుకూ, మరమ్మతులకూ విడిగా పెట్టుకున్నావా, లేక ఉన్నదంతా ఊడ్చి ఇంటికే పోస్తున్నావా? అవతలివాళ్ళు నీళ్ళు నమిలితే కోప్పడేది కాదు. "రెండేళ్ళు ఆగు, ఇళ్ళెక్కడికీ పారిపోవు" అని టీ ఇచ్చి పంపేది. ఒక కొత్త పెళ్ళికొడుకు బ్యాంకువాళ్ళు ఇస్తామన్నదంతా తీసుకుంటానని గంతులేస్తుంటే, "బ్యాంకు నీ జీతం చూస్తుంది బాబూ. రేపు పుట్టబోయే పిల్ల చదువు చూడదు. నెలాఖర్లో కూడా నవ్వగలిగేంతే తీసుకో" అంది.

ఇంతమందికి ఇంత చెప్పిన మనిషి ఉండేది మాత్రం అద్దె ఇంట్లోనే. ఇరవై ఒక్క ఏళ్ళుగా అదే ఇల్లు. భర్త బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. నేను బావగారూ అని పిలిచేదాన్ని. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కొందామనుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడిందట వాళ్ళకు. ఒకసారి ఆయన వెన్నుకు ఆపరేషను, ఇంకోసారి కూతురి చదువు. తర్వాత ఆ ఊసే మానుకున్నారు.

మూడేళ్ళ కిందట ఒక ఉదయం ఆ ఇంటి ఓనరమ్మ వచ్చింది. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు, వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. ఓనరమ్మ కుర్చీ అంచున కూర్చుని చేతులు నలుపుకుంది.

"వదినా, తమ్ముడికి వాటా ఇచ్చేయాల్సొస్తోంది. ఈ ఇల్లు అమ్మేస్తున్నాం. ఎవరో ముక్కూమొహం తెలీని బ్రోకరు చేతిలో పెట్టడం నాకిష్టం లేదు. మీరే అమ్మిపెట్టాలి."

తాళాలక్కయ్య ఒకసారి ఇల్లంతా కలయజూసింది. తర్వాత, "అలాగే వదినా. ధర ఎంత అనుకుంటున్నారు?" అని, ఎవరినైనా అడిగినట్టే అడిగింది.

అలా ఆవిడ తన ఇంటినే జనానికి చూపించడం మొదలుపెట్టింది. అలవాటు ప్రకారం ఏదీ దాచలేదు. వానాకాలం వంటింటి పైకప్పు ఒక మూల కారుతుందని చెప్పింది. వెనక మెట్లు నిటారుగా ఉంటాయనీ, ఎండాకాలం నీళ్ళ ఒత్తిడి తగ్గుతుందనీ కూడా చెప్పింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పెదవి విరిచి వెళ్ళిపోయారు. ఆరుగురైపోయాక ఓనరమ్మ తమ్ముడు ఊగిపోతూ వచ్చాడు. ఆ పూట నేనూ అక్కడే ఉన్నాను.

"మా అక్క మిమ్మల్ని నమ్మి అప్పగిస్తే, మీరు ఉన్నవీ లేనివీ చెప్పి చెడగొడుతున్నారేంటండీ? ఇల్లు ఖాళీ చెయ్యడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పొచ్చుగా!"

ఎంత పెద్ద తగాదాలోనూ తడుముకోని తాళాలక్కయ్య, చేతిసంచిలోని తాళాలు సర్దడం మొదలుపెట్టింది. చివరికి బావగారే వాకిట్లోకి వచ్చి, "లేనిది ఒక్కటి చెప్పిందా?" అన్నాడు. ఆ తమ్ముడు ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఆవిడ నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగింది. "నర్సమ్మా, నిజం చెప్పు. మొన్న ఆ వచ్చినవాళ్ళకి చూపించేటప్పుడు నువ్వున్నావుగా. పైకప్పు గురించి చెప్తుంటే నా గొంతు మామూలుగానే ఉందా?"

అబద్ధం చెప్పాలనిపించింది కానీ, ఆవిడ ముందు అది సాగే పని కాదు. "కాస్త గట్టిగానే చెప్పారక్కయ్యా. కారడం ఉందన్నారు. కిటికీలోంచి వచ్చే గాలి గురించి మాత్రం ఎత్తలేదు."

ఆవిడ తలూపింది. "ఊఁ. నాకూ అలాగే అనిపించింది" అని లేచి లోపలికి వెళ్ళింది.

తర్వాతి ఆదివారం ఒక జంట వచ్చింది. ఇద్దరూ స్కూలు టీచర్లు. తాళాలక్కయ్య ఇంటి లోపాలన్నీ మళ్ళీ చెప్పింది, ఒక్కటీ వదల్లేదు. ఈసారి పైకప్పు బాగుచేయించడానికి ఎంతవుతుందో మేస్త్రీని కనుక్కుని, ఆ చీటీ కూడా చేతిలో పెట్టింది. అంతటితో ఊరుకోకుండా వాళ్ళను ఇల్లంతా మెల్లగా తిప్పింది. పొద్దున్నే ఎండ ముందుగదిలో ఎక్కడ పడుతుందో, ఉక్కపోసే మధ్యాహ్నం ఏ రెండు కిటికీలు తెరిస్తే గాలి ఇటునుంచి అటు పోతుందో చూపించింది. పక్కింటివాళ్ళు తలుపు తట్టకుండానే సాయానికి వచ్చే మనుషులని చెప్పింది. చెప్తూ చెప్తూ మధ్యలో ఒకచోట ఆగిపోయి, చెంగుతో కిటికీ చువ్వ తుడిచింది. వారం తిరక్కముందే బేరం కుదిరింది, అదీ ఓనరమ్మ అడిగిన ధరకే. తమ్ముడు మళ్ళీ వచ్చి, తల గోక్కుంటూ, "ఏమనుకోకండి" అన్నాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు. కాఫీ మాత్రం చక్కెర వేయకుండా ఇచ్చింది. మర్చిపోయానంది కానీ నేను నమ్మను.

ఇల్లు ఖాళీ చేయడానికి నాలుగు నెలల గడువు అడిగి పుచ్చుకున్నారు. ఇక ఎక్కడికి పోవాలన్నది మిగిలింది. ఆవిడ చేతిలోనే ముప్ఫై ఇళ్ళున్నాయి, ఏదో ఒకటి అద్దెకు తీసుకుంటే సరిపోయేది. బావగారే కదిపాడు.

"మనం కొనుక్కుంటే?"

"యాభై నాలుగేళ్ళు నాకు. మీకు అరవై రెండు. మనకి లోన్ ఎవరిస్తారండీ?"

"అడిగావా?"

ఊరందరి తరఫునా అడిగిన మనిషి తనకోసం ఒక్కసారీ అడగలేదు.

మర్నాడే ఇద్దరూ బ్యాంకుకు వెళ్ళారు. లోన్ల బల్ల దగ్గర ఒక చిన్న వయసు అమ్మాయి కూర్చుని ఉంది. "హోమ్ లోన్ గురించి మీకు ఏమైనా తెలుసాండీ?" అని అడిగింది.

"కొంచెం తెలుసమ్మా. నువ్వు మొదట్నుంచీ చెప్పు" అంది తాళాలక్కయ్య. ఆ అమ్మాయి అసలంటే ఏమిటో, వడ్డీ అంటే ఏమిటో బొమ్మలు గీసి మరీ చెప్తుంటే, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా విందట. బావగారు నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ నెపంతో బయటికి వచ్చేశాడు. ఆ రోజు గురించి ఇప్పటికీ తలుచుకుని నవ్వుతాడు.

లోన్ వస్తుంది, కానీ ఆవిడకు అరవై ఐదు నిండేలోపు తీరిపోవాలన్నారు. అంటే పదకొండేళ్ళే. కమీషను ఆదాయం నెలకో రకంగా ఉంటుంది కదా అని ఆ అమ్మాయి సందేహపడితే, ఆవిడ సంచిలోంచి ఎనిమిదేళ్ళ పన్ను కాగితాలు తీసి వరసగా పేర్చింది. ఆయన పెన్షనూ కలిపితే లెక్క కుదిరింది. బ్యాంకు ఇస్తానన్నదాంట్లో ముప్పాతికే తీసుకుంది.

ఇల్లు వెతకడం మాత్రం బావగారు తన చేతుల్లోకి తీసుకున్నాడు. "నీకు నువ్వే బ్రోకరువైతే నిజం కనపడదు" అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు. ఆదివారాలు చేతిలో తాళం పట్టుకుని ముందు ఆయన, వెనక ఆవిడ, ఆ వెనక నేను. తలుపు తీసి, గొంతు సవరించుకుని, "చూడండమ్మా, మీ అవసరాలేంటో చెప్పండి" అనేవాడు. ఆవిడ సిగ్గుపడిపోయి, "ఊరుకోండి, ఎవరైనా వింటే నవ్వుతారు" అనేది. కానీ ఆయన పంపులన్నీ తిప్పి చూసి చెప్పినవన్నీ వినేది.

ఒక ఇల్లు చూడగానే ఆవిడకు పిచ్చిగా నచ్చేసింది. మూడో అంతస్తు, పెద్ద బాల్కనీ. "ఇదే తీసుకుందామండీ, ఇంకేం చూడొద్దు" అంది, సరిగ్గా ఒకప్పుడు నేనన్నట్టే. బావగారు నడుంమీద చెయ్యి పెట్టుకుని మెట్లవైపు చూశాడు. లిఫ్టు లేదు. వెన్నుకు ఆపరేషనైన మనిషి. ఆవిడ నాలుక కరుచుకుంది.

చివరికి దొరికింది ప్రింటింగ్ ప్రెస్సు వెనక, కింది అంతస్తులో, రెండు గదులూ చిన్న వంటిల్లూ. పాత దస్తావేజులు లాయరు చేత చూపిస్తే, ఎప్పుడో తీర్చేసిన ఒక తాకట్టు రికార్డుల్లో ఇంకా అలాగే ఉందని బయటపడింది. అమ్మేవాళ్ళు అది కొట్టేయించి తెచ్చేదాకా ఆవిడ బయానా ఇవ్వలేదు. అందుకు ఐదు వారాలు పట్టింది. గడువు దగ్గరపడుతుంటే నాకే కంగారు పుట్టింది. ఆవిడ మాత్రం, "ఆగమని అందరికీ చెప్పి నేను ఆగకపోతే ఎలా?" అంది. కానీ ఆ ఐదు వారాల్లో నాలుగు కేజీలు తగ్గిందని ఆసుపత్రిలో బరువు చూసిన నాకు తెలుసు.

చేరిన మొదటి వారం నేను వెళ్ళేసరికి ఆవిడ మేకూ సుత్తీ పట్టుకుని గోడ ముందు నిలబడి ఉంది. కూతురి ఫొటో తగిలించాలట. ఇరవై ఒక్క ఏళ్ళలో ఓనరమ్మను అడక్కుండా గోడలో ఒక్క మేకు దిగగొట్టలేదు. ఇప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు. అందుకే చెయ్యి ఆడ్డం లేదు.

"ఎక్కడైతే బాగుంటుందంటావు నర్సమ్మా?"

"మీ గోడ, మీ ఇష్టం అక్కయ్యా."

"అదేనే వచ్చిన చిక్కు!" అని కళ్ళొత్తుకుంటూ నవ్వింది. బావగారు వచ్చి సుత్తి అందుకుని, "కొంచెం ఎడమకి" అన్నాడు.

ఇంకా ఎనిమిదేళ్ళ వాయిదాలున్నాయి. పగలు ప్రెస్సు చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్ళకు ఆ సంగతి ఆవిడే ముందుగా చెప్తుంది. మొన్న నేనూ ఉండబట్టలేక అడిగాను, "నేను కూడా కొనేసుకోనా అక్కయ్యా?" అని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "వచ్చే ఏడు పై చదువుకి వేరే ఊరు వెళ్తానన్నావుగా? వెళ్ళిరా ముందు" అంది. ఆ తర్వాత వరండాలో కాచుకుని కూర్చున్న దంపతుల వైపు తిరిగి, "చెప్పండమ్మా, ఈ ఊళ్ళో ఎన్నాళ్ళుంటారు?" అని మొదలుపెట్టింది.