మూడు ముక్కలు కలిసేచోట

మా చిన్నప్పుడు... కొంటాలో మా ఇంటి లోపలిగదిలో అక్క నొప్పులు పడుతోంది. వసారాలో అమ్మమ్మ బొంత కుడుతోంది. ఏది ముందు పూర్తవుతుందో తెలియదు.

అప్పటికి మా బస్తర్‌లో ఇంకా రాజుగారి పాలనే. అక్కకు అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారు. అలాంటి తల్లికి మళ్లీ కాన్పు వస్తే మా వైపు బిడ్డను కొత్తగుడ్డ మీద వేయరు. పిల్లలు బతికి బట్టకట్టిన ఇళ్లకు వెళ్లి పాతగుడ్డ అడిగి తెచ్చి, ఆ ముక్కలతో కుట్టిన బొంత మీదే పడుకోబెడతారు. అమ్మమ్మతో నేనూ తిరిగాను... దొర్ల అనే గిరిజనుల ఇంట్లో ఒకావిడ కట్టుకున్న చీర కొంగే చింపి ఇచ్చింది.

నొప్పులు ముందుగా వచ్చాయి. బొంత నడుమ ఒక్కచోటే మిగిలింది. గాలిపటంలా కోసిన మూడు ముక్కలు అక్కడ కలవాలి. బిడ్డ వీపు ఆనేది అక్కడే.

అమ్మమ్మ అంచు దాకా కుట్టేసింది. నడుమ ముడత లేచింది. విప్పింది. ఆ మూడింట్లో ఒకటైన కొంగుముక్క అసలే పాతది... సూది దిగినచోటల్లా నేత విడిపోయింది.

"ఇంకోపాలి విప్పితే చిరుగుతది" అంది. పక్కింటి సరోజను కేకేసింది. నా ఈడుదే.

"ఏందమ్మమ్మా, చేతులు గట్ల వణుకుతున్నయ్?"

"నా చేతుల సంగతి నీకెందుకే, కూసో."

నేను సూదిలో దారం ఎక్కించలేక తంటాలు పడుతుంటే సరోజ లాక్కుంది. "నువ్వు ఎక్కిచ్చేలోపు బిడ్డ నడుస్తది."

"అంచు దాకా పోకు పిల్లా. బియ్యపు గింజంత ముందే ఆగు. ఆడ ముడెయ్యి. లోపలి మడత పక్కకు తప్పియ్యి, దాని మీద కుట్టు పడొద్దు."

రెండు ముక్కలు కలిశాయి. మూడోదాన్ని ఆ ముడి దగ్గర మొదలుపెట్టి బయటికి ఒకవైపు కుట్టింది. మళ్లీ అదే ముడి దగ్గరికి వచ్చింది, రెండోవైపుకు.

లోపల్నుంచి అక్క... "అయిందా అమ్మమ్మా?"

"అయింది బిడ్డా" అంది అమ్మమ్మ. సూది ఇంకా నడుమనే ఉంది.

సరోజ ఊపిరి బిగబట్టి కుట్టింది. దారం తెంపి, ఎలా వచ్చిందో చూడలేక ముఖం పక్కకు తిప్పుకుంది. అమ్మమ్మ కళ్లతో చూడలేదు. అరచేయి వేసి మెల్లగా రుద్దింది.

"సాపుగ పండింది, ముడత లేదు" అంది.

బొంత లోపలికి వెళ్లింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు... తర్వాత ఏడుపు వినిపించింది.

వాడు బతికాడు.

ఆ సరోజే తర్వాత నా భార్య. పోయిన వర్షాకాలంలో కన్నుమూసింది. మా పిల్లల బొంతలన్నీ తనే కుట్టింది. మూడు ముక్కలు కలిసేచోటికి రాగానే మాట ఆపేసేది. ఇంట్లో ఎవరం పలకరించేవాళ్లం కాదు.

ఇప్పుడు దుప్పట్లు బజారులో దొరుకుతాయి. పాతగుడ్డ ఇమ్మని ఎవరూ ఎవరి గడపా ఎక్కరు. మీ ఇంట్లో బొంత కుట్టింది ఎవరు? ఎవరి గుడ్డలతో? గుర్తుంటే రాయండి... చదువుతాను.

మా ఇంట్లో ఇప్పుడు రోజంతా మూడు ముక్కలు కలిసేచోటి ఆ నిశ్శబ్దమే.