వెనక్కి చూసే మిడ్‌ఫీల్డర్

అమెరికాలో సాకర్ లీగ్ మూతపడిన రోజులవి. బస్ స్టేషన్ వెయిటింగ్ రూంలో మాకెదురుగా కూర్చున్న తెల్లాయన మాటిమాటికీ ఎడమ భుజం మీదుగా, ఆ వెంటనే కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు.

"ఇతన్ని ఎవరో ఫాలో అవుతున్నట్టున్నారండీ. సీట్లు మారదాం రండి," అంది మా ఆవిడ గొంతు తగ్గించి.

తెలుగు రాకపోయినా మా ఆవిడ చూపు అతనికి అర్థమైనట్టుంది. ఇబ్బందిగా నవ్వాడు.

"క్షమించండి మేడమ్. ఇది ఆటలో వచ్చిన అలవాటు. ఇన్నేళ్ళూ మిడ్‌ఫీల్డర్‌గా మైదానం మధ్యలోనే ఆడాను. బంతి కాలికి అందాక వెనక్కి చూస్తే ఆలస్యమైపోతుంది. మీదికి ఎవరొస్తున్నారో, బంతి ఎవరికివ్వాలో ముందే చూసుకోవాలి."

"ఇప్పుడు ఏ టీమ్‌కి ఆడుతున్నారు?" అనడిగాను.

"ఏ టీమ్‌కీ ఆడట్లేదు. లీగే పోయింది. నాకిక బంతి ఎవరూ ఇవ్వరు. ఆ సంగతి నాకు తెలుసు గానీ, ఈ మెడకింకా తెలీదు."

మా ఆవిడ సంచిలోంచి కమలాపండు తీసి అతని ముందుకు చాపింది. అందుకునే ముందు కూడా అతను ఎడమకీ కుడికీ చూశాడు. ఒలిచి, మొదటి తొనలు మాకే అందించాడు.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఫ్రీవే మీద లేన్ మారేముందు భుజం మీదుగా చూసినప్పుడల్లా అతను గుర్తొస్తాడు. నా వెనక ఎప్పుడూ ఏదో ఒక కారు వస్తూనే ఉంటుంది. ఆ రోజు అతని వెనక ఉన్నది స్టేషన్ గోడ ఒక్కటే.