పొగను వడగట్టిన సంచులు

పోయిన వారం డోన్‌లో పెళ్లికని రైల్లో పోతుంటే, కిటికీలోంచి థర్మల్ కేంద్రం పొగగొట్టం కనిపించింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన దాన్ని చూసి, "పొగే రాలేదే, మూసేసినారేమప్పా" అని పక్కాయనతో అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ పొగను కనిపించకుండా చేసిన చేతుల్లో రెండు ఒకప్పుడు నావే.

మా ఆయన చనిపోయాక నేనూ, ఆయన అక్క అయిన మా వదినా ఆ కేంద్రం గోడ పక్క షెడ్డులో మనిషికి మూడింతల పొడవుండే గుడ్డసంచులు కుట్టేవాళ్లం. బొగ్గు మండితే పాదరసం ఆవిరై పొగలో కలుస్తుందనీ, ఆ పొగలోకి నల్లటి బొగ్గుపొడి ఊదితే పాదరసం దానికి అంటుకుంటుందనీ, ఆ పొడిని మా సంచులు ఆపుతాయనీ ఆ కేంద్రం ల్యాబులో పనిచేసే మేడం చెప్పింది. ఒక్క కుట్టు వదులైనా విషం ఊళ్ల మీదికి పోతుందని, మాతోపాటు చాప మీద కూర్చుని ప్రతి కుట్టునూ వేలితో తడిమి చూసేది. అంత చదువుకున్న మనిషి మా పక్కన కూర్చోవడం మాకు వింతగా ఉండేది.

పొగలో వాడి పాతబడిన సంచులను విప్పి తెచ్చి షెడ్డులో ఒక మూల కట్టలు కట్టేవారు. చినగని గట్టి గుడ్డ కదా అని, మా వదిన ఒకటి ఇంటికి తెచ్చి, కుంకుడురసంలో మూడుసార్లు ఉతికి, నెలల మనవరాలికి ఊయల కట్టింది. దాని మీద ఎర్రరంగుతో ఏదో రాసుంటే కంపెనీ పేరనుకున్నాం.

కట్టలో ఒకటి తగ్గిందని తెలిసి మేడం మిట్టమధ్యాహ్నం ఎండలో మా సందుకు నడిచొచ్చింది. ఊయల చూడగానే బిడ్డను తీసి గుండెకు హత్తుకుంది.

"శానా ఉతికినా మేడం, పాలమాదిరి ఉండాది సూడండి" అంది వదిన.

"ఉతికితే పోయేది కాదమ్మా అది. దీని మీద ఏం రాసుందో చూడలేదా?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఆమెకు అప్పుడర్థమైంది. "రాయిస్తే చాలనుకున్నా. మీకు చదువొచ్చా అని అడగలేదు, తప్పు నాదే" అంది.

తనే బిడ్డను కడప ఆస్పత్రికి తీసుకుపోయి రక్తం పరీక్ష చేయించింది. ఫలితం వచ్చేదాకా నాలుగు రోజులు వదిన అన్నం ముట్టలేదు. బిడ్డ పడుకున్నది ఒక్క పూటే కాబట్టి ఏమీ కాలేదని చెప్పడానికి కూడా మేడమే వచ్చింది.

మరుసటి రోజు నుంచి అన్నం వేళ కుట్టుబల్ల మీద టైలరు సుద్దతో మాకు అక్షరాలు దిద్దించింది. యాభై దాటిన వేళ్లు సూదిని పట్టినంత సులువుగా సుద్దను పట్టలేదు. అయినా ఆమె విసుక్కోలేదు. నేను కూడబలుక్కుని మొదట చదివింది ఆ ఎర్రక్షరాలనే: ఇంటికి తీసుకుపోరాదు.

మేడం బదిలీ మీద వెళ్లిపోయింది. షెడ్డూ లేదు. ఇప్పుడు సంచులు కుట్టినవే లారీల్లో వస్తాయట, వాటి మీద రాసింది ఇంగ్లీషేనట. పాతవి విప్పి మోసే ఆడవాళ్ల పక్కన కూర్చుని, అదేమిటో చదివి చెప్పేవాళ్లున్నారో లేదో.