ఆ ఏడు తీగ తెగలేదు

సరస్సు ఒడ్డున ఉండే మా పెస్కరెనికో పేట వాళ్లకి కొండ అంటే కిటికీలోంచి చూసేది. కొండవాలు మీది లావోర్కా పేట వాళ్లకి సరస్సు అంటే పైనుంచి చూసేది. రెండూ లెక్కో ఊరే. అయినా నీళ్ల మనుషులు పైకి ఎక్కరు, ఇనుము మనుషులు కిందికి దిగరు. పని లేనిదే ఒకరి గడప ఒకరు తొక్కకూడదట. ఎవరు పెట్టారో ఈ నియమం, వాళ్ల నోట్లో మన్ను పడ!

ఎర్సీలియా మా పక్కింటి మనిషి. మా రొట్టెల కొట్టుకీ ఆమె పెరటికీ మధ్య ఒక్క గోడ. భర్త పోయాక పడవా వలా ఆమే అందుకుంది. తెల్లవారుజామున ఉత్తరపు గాలి వీస్తుండగా వెళ్లి, మధ్యాహ్నం దక్షిణపు గాలి లేచేలోగా వంతెన దగ్గర ఒడ్డు చేరేది. మే నెలలో పడే అగోనె చేపల్ని చీల్చి, ఉప్పు పట్టించి, పెరట్లో ఇనుప తీగల మీద వేలాడదీసేది. ఎండాక డబ్బాల్లో లారెల్ ఆకులతో పొరలు పొరలుగా పేర్చి, మీద బరువు పెట్టి నొక్కేది. చలికాలంలో ఆ చేపని నిప్పుల మీద కాల్చి, మొక్కజొన్న సంకటితో తింటుంటే, దేవుడి మీద నాకున్న ఫిర్యాదులన్నీ మర్చిపోయేదాన్ని.

ఊరి మీద రంపం పళ్లలా నిలబడ్డ రంపం కొండ మబ్బు టోపీ పెడితే వాన అని ఎర్సీలియా రేడియో కన్నా ముందే చెప్పేది. ఆ కొండ ఎప్పుడైనా ఎక్కావా అంటే మాత్రం, మనిషి కోపం మొహంలో తెలుస్తుంది కదా, దానికి భుజాలెక్కి చూడాలా అనేది. రైలు పట్టాలు దాటి పైకి పోయిన మనిషి కాదు.

చేపలు ఎండేసే ఆ తీగలు తెచ్చేవాడు లావోర్కా గౌదెంజియో. వాళ్ల వాగు పక్కన మిలాను ప్రభువుల కాలం నుంచీ సుత్తులు మోగుతూనే ఉన్నాయి. ఏడు తరాలుగా ఇనుముని సన్నటి తీగగా లాగే వంశం. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఏటా మే నెల మొదటి ఆదివారం భుజాన తీగచుట్ట వేసుకుని దిగేవాడు. చలికాలం మంచు బరువుకి పాత తీగ ఎలాగూ తెగి ఉండేది. కొత్తది కట్టి, ఒక గ్లాసు ద్రాక్షసారా తాగి వెళ్లేవాడు. నీళ్లంటే హడల్ కాబట్టి సరస్సుకి వీపు పెట్టి కూర్చునేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేది తీగ గురించీ చేపల గురించీ మాత్రమే. పద్నాలుగేళ్లు! వింటూ వింటూ నాకు గోడకి తల బాదుకోవాలనిపించేది. ఆ మనిషి వచ్చేది తీగ కోసమేనా అని అడిగితే, నీ పిండి పొంగిపోతోంది చూసుకో వదినా అనేది.

అంతలో ఆయన పనిచేసే కార్ఖానా మూతపడింది. ఆ మే నెలలో తాను లాగిన చివరి చుట్ట తెచ్చి కట్టి, ఇక సెలవన్నట్టు టోపీ తీసి వెళ్లిపోయాడు.

ఆ చలికాలం మంచు మోకాలి లోతు పడింది. తీగ తెగలేదు. మే వచ్చింది, తీగ చెక్కుచెదరలేదు. ఆయనా రాలేదు. ఎర్సీలియా ఒకే చేపకి రెండుసార్లు ఉప్పు పట్టించడం నేను కళ్లారా చూశాను. జూన్‌లో పోస్టుమాన్ కబురు మోసుకొచ్చాడు. ఆ నెలాఖరులో వచ్చే సెయింట్ జాన్ పండగ వెళ్లగానే గౌదెంజియో మిలానులో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నాడట. మళ్లీ రాడట.

మర్నాడు ఉదయం గోడ మీదుగా చూద్దును కదా, ఈమె పట్టకారు పట్టుకుని, నిక్షేపంలా ఉన్న తీగని పటుక్కున కోస్తోంది! నన్ను చూసి సిగ్గు పడితేగా. "తీగ తెగింది వదినా. పైకెళ్లాలి, తోడు రా," అంది. తాడో పేడో తేలిపోతుందని కొట్టు మూసేసి బయల్దేరాను.

ఆ ఎక్కుడుకి నా మోకాళ్లు నన్ను శపించాయి. ఆమె మాత్రం ఒక్కచోటా ఆగలేదు. వెళ్లేసరికి గౌదెంజియో ముంగిట్లో పెట్టె సర్దుతున్నాడు. ఎర్సీలియా తీగముక్క చేతికిచ్చింది. ఆయన కొస మీద బొటనవేలు రాసి, తలెత్తకుండానే చెప్పాడు.

"ఇది తెగలేదండీ. కోశారు."

"నేనే కోశాను. ఏటా మీరు ఆకురాయితో గాటు పెట్టి తెచ్చేవారు, తెగేది. ఈసారి ఆ పని నాకొదిలేశారు."

ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. నేను తెరిచిన నోరు మూయడం మర్చిపోయాను. అమ్మ దొంగా! పద్నాలుగేళ్లుగా కడుపులో దాచుకుని, నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

"మీకు తెలుసా?" అన్నాడాయన.

"రోజుకి మూడొందల చేపల వెన్ను తడిమే చెయ్యి ఇది. గాటు తెలీదా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తారని."

ఆయన పెట్టె మీద కూలబడ్డాడు. ఆ చివరి చుట్టకీ ఆకురాయి తీశానని చెప్పాడు. కానీ తన చేత్తో లాగిన ఆఖరి తీగ అది. పాడు చేయడానికి చెయ్యి రాలేదట. తెగదని తెలిసే కట్టాడు. తెగనప్పుడు ఇక ఏ పని చెప్పుకుని దిగాలి?

"పని కావాలా? ఉప్పు పట్టిన చేపలు గంపలో ఉన్నాయి, తీగ నేల మీదుంది. వచ్చి కట్టండి," అంది ఎర్సీలియా. తర్వాత గొంతు తగ్గించి, "కట్టి వెళ్లిపోవడానికైతే రావద్దు," అంది.

ఆయన పెట్టెలోంచి పట్టకారు తీశాడు. మిగతా సామాను అలాగే వదిలేసి మాతో దిగాడు. దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను, సంతోషంతో.

సెప్టెంబరులో పెళ్లయింది. గుడికి పడవలోనే రావాలని ఆమె పట్టుబట్టింది. పెళ్లికొడుకు కళ్లు గట్టిగా మూసుకుని వచ్చాడు.

ఇది జరిగి పదకొండేళ్లు. ఆ తీగ మీదే ఇంకా చేపలు ఎండుతున్నాయి. కోసినచోట ఆయన వేసిన ముడిని ఏటా మేలో నేనే లాగి చూస్తాను, చెక్కుచెదరలేదు. సాయంత్రాలు ఆయన ఇప్పటికీ సరస్సుకి వీపు పెట్టే కూర్చుంటాడు. ఎదురుగా ఎర్సీలియా కూర్చుంటుంది.