బిస్కెట్ల డబ్బాలో బఫర్

ఎనభైల చివర్లో పాండిచ్చేరి బజారులోని మా మామగారి బట్టల కొట్టుకి ఒక సీడీ ప్లేయరు వచ్చింది. ఫ్రాన్సు నుంచి తెచ్చినదట, ఫ్రెంచివాళ్ల పేట వైట్ టౌన్‌లో ఒకాయన దగ్గర కొన్నారు. దాన్నుంచి కుడి ఎడమ రెండు తీగలు వస్తాయి. కొట్లోని పాత ఆంప్లిఫయరుకేమో ఒకటే రంధ్రం. ఎలక్ట్రీషియను ఆ రెండు తీగల్నీ మెలేసి అందులోనే దూర్చి వెళ్లిపోయాడు. పాట నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"ఏందిది? శబ్దం యాడ పోయె? రేపు వాపసు ఇచ్చేస్తా" అన్నారు మామగారు.

నాకు ఒళ్లు మండింది. యానాం నుంచి కోడలిగా వస్తూ ఎలక్ట్రానిక్స్ డిప్లొమాతో పాటు తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ కూడా తెచ్చుకున్నాను. అది పట్టుచీరల కింద పడి ఉంది.

"నేను చూస్తానండి మామయ్యగారూ!"

"సూడు. పాడలేదంటే పెట్టె వాపసు, నీ అతికే కమ్మీ పాత సామాన్లకి."

నవ్వుతూనే అన్నారు. కానీ ఆ ఐరన్ పోతే నా చదువుకి గుర్తంటూ ఏమీ మిగలదు.

కొట్టు వెనకే ఇల్లు. మధ్యాహ్నమంతా వంటింటి గట్టు దగ్గర కూర్చుని బఫర్ కట్టాను. బఫరంటే పేచీకోరు బంధువుల మధ్య కూర్చుని, వాళ్ల మాట వీళ్లకి పొల్లుపోకుండా చేరవేసే పెద్దమనిషి లాంటిది. కుడి ఎడమలకి చెరో ట్రాన్సిస్టరు, చివర రెండూ కలిసి ఒకే తీగ. అంతా బిస్కెట్ల డబ్బాలో సర్దేశాను.

సాయంత్రం తగిలిస్తే పాట గుమ్మం దాటి వీధిలోకి దూకింది. బేరమాడుతున్నవాళ్లు నోళ్లు మూశారు. నేను గంతులేయడం ఒక్కటే తక్కువ. మూడో పాటలో మొదలయ్యాయి తిప్పలు. ఒక్క ముక్క దగ్గరే పట్టేసి తక తక తక.

"నీ డబ్బా మొరాయించెనే" అన్నారు మామగారు.

డబ్బా విప్పి చూశాను, ఏ లోపమూ లేదు. చివరికి డిస్కు తీసి తిరగేస్తే, మెరిసే వైపు నిక్షేపంలా కుంకుమ బొట్టు! కొత్త వస్తువు ఏదొచ్చినా అత్తయ్య బొట్టు పెట్టందే ముట్టనివ్వరు. పాట ఉండేది ఆ వైపేనని ఆవిడకేం తెలుసు? పైగా శుక్రవారం. పెట్టిన బొట్టు కోడలు తుడవడమా?

అత్తయ్యే వచ్చి చూశారు. కొంగుతో తుడిచి డిస్కు నా చేతికిచ్చారు. ఈసారి పాట ఆగకుండా సాగింది. ఆవిడ కుంకుమభరిణె తెచ్చి నా డబ్బాకి బొట్టు పెట్టి మామగారి వైపు తిరిగారు.

"ఇంట్లో ఆ మిక్సీ గూడా మూలబడి ఉండాది. రేపు పిల్ల సూస్తాది."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మిక్సీ బాగుచేయమంటే ఆనందంతో ఏడ్చిన కోడలు ఆ బజారులో నేనొక్కదాన్నే అయ్యుంటాను.