ఏడు కాళ్ల కుర్చీ

పాలు వాటంతటవి పొంగినా ఎవరో పొంగించారనుకునే మనిషి మా అమ్మమ్మ. వీధిలో అందరూ ఆమెను భూతద్దం మామ్మ అంటారు. ఫొటోల మీద మచ్చలు దిద్దేటప్పుడు వాడే భూతద్దం ఎప్పుడూ మెడలో వేలాడుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆమె నమ్మకం. వంకాయల మీదా, నా మార్కుల కాగితం మీదా కూడా దాన్ని వాడుతుంది కాబట్టి వచ్చిందని మా నమ్మకం. లెక్కల్లో నాకొచ్చిన మూడును నేనే ఎనిమిది చేశానని ఆ అద్దంతోనే పట్టుకుంది. ఆ తర్వాత చదువూ నేనూ విడిపోయాం. కంప్యూటరు మీద ఫొటోలు సరిచేసే పని నేర్చుకుని ఆమె స్టూడియోలోనే కూర్చున్నాను.

తాతయ్యకు చేతులు వణకడం మొదలయ్యాక స్టూడియో అమ్మమ్మ చేతికి వచ్చింది. అంతకుముందు ఆమె పని కూర్చున్నవాళ్లను సర్దడం. తాతయ్య బటన్ నొక్కేలోపు వెళ్లి, ఒకరి కాలరు లాగి, ఇంకొకరి గడ్డం కాస్త పైకెత్తి వచ్చేది. కెమెరా తనే పట్టుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. ప్రతి క్లిక్కుకీ ముందు ఒక సర్దుబాటు ఉండాల్సిందే. వీధి చివర ఫంక్షన్ హాలులో పద్దెనిమిదేళ్లుగా ఫొటోలన్నీ ఆమె తీసినవే.

ఆ పనికి ఈమధ్య ముప్పొచ్చింది. హాలులోని పెద్ద గదిని సీరియల్ బల్బులతో, రంగు కాగితపు పూలతో అలంకరించి, దాని ఫొటో బయట బోర్డుకి కావాలన్నాడు మేనేజరు. అమ్మమ్మ రెండుసార్లు తీసింది. మొదటిసారి బల్బులు ముత్యాల్లా వచ్చాయి గానీ గది బొగ్గులా వచ్చింది. రెండోసారి గది బాగానే ఉంది, బల్బులేమో సున్నం చల్లినట్టు తెల్లటి మరకలయ్యాయి. ఈసారీ ఇలాగే వస్తే ఇకమీదట హాలు ఫొటోలన్నీ తన మేనల్లుడు ఫోనుతో తీస్తాడని మేనేజరు మెత్తగా చెప్పి వెళ్లాడు. ఆ మెత్తదనం మీదే అమ్మమ్మకు అనుమానం.

అప్పుడు నేను హెచ్‌డీఆర్ సంగతి ఎత్తాను. కెమెరాను స్టాండుకి బిగించి ఒకే దృశ్యాన్ని మూడుసార్లు తీయాలి. బల్బుల కోసం వెలుతురు తక్కువగా ఒకటి, గది కోసం సరిపడా ఒకటి, చీకటి మూలల కోసం ఎక్కువగా ఒకటి. మూడింట్లో బాగున్న భాగాలు ఏరి కంప్యూటరు ఒక్కటిగా కలుపుతుంది.

"మూడు తప్పు ఫొటోలు కలిపితే ఒక ఒప్పు ఫొటో వస్తుందా? ఎవరు చెప్పారే నీకు, ఆ మేనల్లుడేనా?"

నేనే నేర్చుకున్నానన్నాను. దాంతో అనుమానం రెట్టింపైంది.

శనివారం సాయంత్రం హాలుకి వెళ్లాం. ఏడింటికి అతిథులు వస్తారు, ఆరున్నర దాకా గది మాది. బల్బులు మిణుకుమంటే మూడు ఫొటోలూ మూడు రకాలుగా వస్తాయని అమ్మమ్మ లైట్ల మేస్త్రితో అన్నీ నిలకడగా వెలిగేలా పెట్టించింది. ఆయన మాట నమ్మక ఒక్కో వరుస ముందూ నిలబడి వంద దాకా లెక్కపెట్టింది. చూడ్డానికొచ్చిన మేనల్లుడు తుమ్మితే స్టాండు కదులుతుందని అతన్ని బయటికి పంపింది. నేను నవ్వితే నేల అదురుతుందని నన్నూ పంపి లోపల గడియ పెట్టుకుంది. మూడు క్లిక్కులు వినబడ్డాయి. ఒక్కోదానికీ మధ్య చాలా ఆలస్యమైంది.

పక్కగదిలో ల్యాప్‌టాప్ మీద మూడూ కలిపాను. ఏ బల్బుకాబల్బు విడిగా వెలుగుతోంది, కాగితపు పూల మడతలు కూడా కనిపిస్తున్నాయి. కానీ ముందు వరుసలో మధ్య కుర్చీకి ఏడు కాళ్లున్నాయి. దాని వీపు పొగలా ఉంది. పక్కన బల్ల మీది గుడ్డకు మూడు అంచులు వేలాడుతున్నాయి.

అమ్మమ్మ అద్దం పెట్టి కాళ్లు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఎవరో లోపలికొచ్చారు."

గడియ నువ్వే పెట్టుకున్నావు కదా అన్నాను. అయితే కిటికీలోంచి అంది. కిటికీకి ఊచలున్నాయి. అయితే నీ కంప్యూటరే అంది. మేనల్లుడు తాను గుమ్మం దగ్గరే ఉన్నానని, కావాలంటే నన్నడగమని చెప్పాడు.

"అదీ నువ్వూ ఒకటైతే?" అంది అతనితో, నన్ను చూపిస్తూ.

నేను మూడు ఫొటోలనూ పక్కపక్కన పెట్టాను. మొదటి దాంట్లో కుర్చీ కాస్త ఎడమకు తిరిగి ఉంది. రెండో దాంట్లో తిన్నగా ఉంది. మూడో దాంట్లో కుడికి తిరిగింది. బల్లగుడ్డదీ అదే వరస. ఈసారి పట్టుకున్నది నేను. అలాంటి రోజులు నా జీవితంలో తక్కువ.

"వంకరగా ఉంటే సర్దకుండా ఎలా తీస్తానే?" అంది చివరికి, గొంతు తగ్గించి.

"ఒక్కసారి సర్దుకో అమ్మమ్మా. తర్వాత ముట్టుకోకు."

"ఆగలేను. చెయ్యి దానంతటదే పోతుంది."

ఇన్నాళ్లూ ఊరందరినీ అనుమానించిన మనిషి ఆ పూట తన కుడిచేతిని అలా చూసుకుంది. నాకు నవ్వు రాలేదు.

ఆరుంపావైంది. ఒక్కసారి నొక్కి బయటికొచ్చేస్తే పది సెకన్లాగి కెమెరాయే వరసగా మూడూ తీసుకుంటుందని చెప్పాను. ముందే ఎందుకు చెప్పలేదంది. పొద్దునే చెప్పానని, యంత్రానికి వదిలేస్తే ఏం తీస్తుందోనని తనే వద్దందని గుర్తుచేశాను. లోపలికి వెళ్లి కుర్చీ సర్ది, గుడ్డ సర్ది, బటన్ నొక్కి గబగబా బయటికొచ్చింది. గుమ్మం దాటిందో లేదో మళ్లీ వెనక్కి తిరిగింది. మేనల్లుడు అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు బాబూ. గుడ్డ జారింది."

"జరగను పెద్దమ్మా. ఈ ఫొటో చెడితే మా మామయ్య ఈ పని నాకు తగిలిస్తాడు. శనాదివారాలు ఇక్కడ పడుండటం నావల్ల కాదు."

ఆమె తేరుకునేలోపు లోపల మూడు క్లిక్కులూ అయిపోయాయి.

ఈసారి కుర్చీకి నాలుగే కాళ్లు. గుడ్డ అంచు మాత్రం నిజంగానే బెత్తెడు జారి ఉంది. మేనేజరు ఒక్క నిమిషం చూసి, బోర్డుకి ఇదే పెడదామని, వచ్చే శనివారం ఫంక్షనుకి కూడా ఆమెనే రమ్మని చెప్పాడు.

 ఇంటి మెట్ల దగ్గర అమ్మమ్మ ఆగింది.

"గుడ్డ జారింది ఆయనకు కనబడలేదంటావా? కనబడీ ఊరుకున్నాడు. ఇందులో ఏదో మతలబుంది."

అదేమిటో తేల్చుకోవడానికైనా వచ్చే శనివారం వెళ్లక తప్పదంది. ఆ శనివారం అరగంట ముందే వెళ్లింది.