కడుగు, వండు, వడ్డించు

విశ్వనాథ్‌కి శుభ్రత చాదస్తమని ధవళేశ్వరంలో ఆ వీధి వీధంతా తెలుసు. బస్సెక్కితే సీటు తుడవందే కూర్చోడు. రాజమండ్రిలో ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అతని చేతికింద ఉండేది. పొద్దున్నే కీబోర్డులన్నీ బోర్లించి దులిపిస్తేగానీ పిల్లల్ని లోపలికి రానిచ్చేవాడు కాదు. మనిషి మంచివాడే, కాదనను. ఆ మంచితనం ఏ మూలకీ పనికి రాలేదు, అదీ నా బాధ.

రెండువేల మూడు నాటి మాట. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్‌కి కొత్త హంగులు, అంటే ఎక్స్‌టెన్షన్లు, తగిలించాలంటే అప్పట్లో పెద్ద తతంగం. రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా కంపైల్ చేయాలి, వచ్చినదాన్ని సరైన ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేయాలి, పది కమాండ్లు వరసగా కొట్టాలి. ఒక్కటి తప్పితే మళ్లీ మొదటికే. విశ్వనాథ్ ఆ పదింటినీ షెల్‌లో, అంటే కమాండ్లు కొట్టే తెరలో, మూడు ఫంక్షన్లుగా రాసి పెట్టుకున్నాడు. వాటి పేర్లు కడుగు, వండు, వడ్డించు. ‘కడుగు’ పాత ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫోల్డర్‌ని ఆనవాలు లేకుండా తుడిచేస్తుంది. ‘వండు’ కంపైల్ చేస్తుంది. ‘వడ్డించు’ ఇన్‌స్టాల్ చేస్తుంది. మూడింటినీ ఒక్క దెబ్బతో నడిపే నాలుగోదాని పేరు ‘భోజనం’.

“పాతదాని మీదే కొత్తది పెట్టేస్తే పోలా మాస్టారూ? ప్రతిసారీ ఈ కడగడమేంటండి?” అంది ల్యాబ్‌లో కొత్తగా చేరిన లెక్చరర్ ఫణిశ్రీ.

“నిన్నటి గిన్నె కడక్కుండా ఇవాళ అన్నం వండుతారా అమ్మా మీ ఇంట్లో?” అన్నాడు.

అతని భార్య కనకవల్లి ఊళ్లో బళ్లో రెండో తరగతి టీచరు. పదహారేళ్లుగా పిల్లల చేత గుణింతాలు వల్లె వేయిస్తోంది. ఆమె ‘కా’ అంటే వీధి చివర వినపడేది. ఆ ఏడు మాఘమాసంలో గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలతో, ఉప్పునీళ్లతో రెండు నెలలు గడిచాక పెద్ద డాక్టరు చూసి క్యాన్సర్ అన్నాడు. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు.

ఆపరేషన్‌కి పన్నెండు రోజులుంది. విశ్వనాథ్ ఏడవలేదు, మైకు కొనుక్కొచ్చాడు. “వల్లీ, రోజూ పిల్లలకి చెప్పే గుణింతాలే నాకూ చెప్పు” అన్నాడు. మే నెల ఎండల్లో, చప్పుడు పడుతుందని ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుకుంటూ ఇద్దరూ కూర్చున్నారు. క కా కి కీ నుంచి మొదలుపెట్టి ఒక్కో అక్షరం ఆ బొంగురు గొంతుతోనే చెప్పింది, అతను కంప్యూటర్‌లోకి రికార్డు చేశాడు. ‘భో’ దగ్గర ఎదురింటి సంపూర్ణమ్మ గారి మిక్సీ కూడా పడింది. మళ్లీ చెబుదామనుకునేసరికి దగ్గు తెర వచ్చింది, అది అలాగే ఉండిపోయింది.

ఆ అక్షరాలతో అతను ఎడిటర్‌కి ఓ ఎక్స్‌టెన్షన్ రాశాడు. కనకవల్లి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట టైపు చేసి మీట నొక్కితే, కంప్యూటర్ ఆ మాటని ఆమె గొంతుతో పలికేది. ఆపరేషనై ఇంటికొచ్చిన నాలుగో రోజున ఆమె మొదట కొట్టిన మాట “భోజనానికి రండి.” భో అనగానే మిక్సీ గుర్రుమంది. కనకవల్లి భుజాలు కదిలేలా నవ్వింది, నవ్వుకీ శబ్దం లేదు. విశ్వనాథ్‌కి అప్పుడొచ్చింది ఏడుపు.

ఎడిటర్‌కి వెతుకులాట తగ్గుతుందని అతను ఆ గుణింతాలన్నిటినీ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫోల్డర్‌లోకే మార్చేశాడు. కాపీ చేయలేదు, మార్చాడు. కాలేజీలో సీడీ రాసే మిషనుంది. రేపు రాయిద్దాం, ఎల్లుండి రాయిద్దాం అని వారం గడిపాడు.

ఆదివారం మధ్యాహ్నం కనకవల్లి కంప్యూటర్ చేత అనిపించింది. “అక్షరానికీ అక్షరానికీ మధ్య ఇంత ఆగుతోందేంటండీ? మా పిల్లలు కూడబలుక్కున్నట్టుంది.”

“అంతేనా? పది నిమిషాల్లో సరిచేసేస్తానుండు” అన్నాడు. మధ్యలో ఆగే వ్యవధి తగ్గించాడు. చేతికి అలవాటైన మాటే కొట్టాడు, ‘భోజనం’ అని. కడిగింది, వండింది, వడ్డించింది. ఒక్క తప్పూ చూపించలేదు.

“అయింది. మాట్లాడు వల్లీ.”

ఆమె టైపు చేసి మీట నొక్కింది. ఏమీ పలకలేదు. విశ్వనాథ్ స్పీకర్ వైరు చూశాడు, వాల్యూమ్ చూశాడు. ఆ తర్వాత గుణింతాలు పెట్టిన ఫోల్డర్ తెరిచి చూసి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

కనకవల్లి అతని మొహం చూసింది. పలక తీసుకుని రాసింది. ‘నా గొంతేనా?’

అతను తలూపాడు. ఆమె అరచేత్తో తుడిచి మళ్లీ రాసింది. ‘పోనివ్వండి.’ నాలుగు తిట్లు రాసినా అతనికి కాస్త ఊపిరాడేది.

ఫణిశ్రీ వచ్చి, పోయినవి తిరిగి తీద్దామని రెండు రోజులు కుస్తీ పడితే డిస్కులోంచి బరబరమనే చప్పుడు తప్ప ఇంకేమీ బయటికి రాలేదు. అతను ఇంట్లో క్యాసెట్లన్నీ తిరగేశాడు. పెళ్లి క్యాసెట్‌లో సన్నాయి ఉంది, పురోహితుడున్నాడు, బాబాయిల పరాచికాలున్నాయి. పెళ్లికూతురు తల వంచుకుని కూర్చుంది, ఒక్క ముక్క మాట్లాడలేదు. బడి వార్షికోత్సవం క్యాసెట్‌లో పిల్లలు పాడుతున్నారు. టీచరు తెర వెనకాల ఉంది.

“నా గొంతు వాడుకోండి మాస్టారూ” అని ఫణిశ్రీ తనే గుణింతాలన్నీ చదివిచ్చింది. చక్కని గొంతు. విశ్వనాథ్ ముందుగా సీడీ రాయించాడు. ‘కడుగు’లో ఓ ప్రశ్న చేర్చాడు, అడగందే ఇక ఏదీ తుడవకూడదని. ఇప్పుడెందుకయ్యా ఆ జాగ్రత్త అని అతన్ని ఎవరడుగుతారు?

ఆ మధ్యాహ్నం కనకవల్లి వంట చేసి, వచ్చి టైపు చేసింది. “భోజనానికి రండి” అని ఫణిశ్రీ గొంతు పలికింది. భో దగ్గర మిక్సీ లేదు, కడిగినట్టుంది. విశ్వనాథ్ కుర్చీలోంచి లేవలేదు.

ఆమె స్పీకర్ వైరు పీకేసింది. పలక మీద అదే మాట రాసి అతని ముందు పెట్టింది. రెండో తరగతి పిల్లలకి రాసినట్టు గుండ్రటి అక్షరాలు. అతను వాటిని ఆమె గొంతుతో చదువుకుందామని చూశాడు. పంతొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో విన్న గొంతు. భో దగ్గర సంపూర్ణమ్మ గారి మిక్సీ చప్పుడు స్పష్టంగా గుర్తుకొచ్చింది. గొంతు గుర్తుకు రాలేదు.

“వస్తున్నా” అని లేచాడు.